కాశీలో తిండికి ముహూర్తాలుంటాయి: నా అనుభవం

కాశీ వెళ్లొచ్చిన మనవాళ్లను "అక్కడ ఏం తిన్నారు?" అని అడగండి. సత్రంలో పప్పు బాగుందని, చారు పల్చగా ఉందని చెబుతారు. సత్రం భోజనానికి వంక పెట్టడం లేదు, దూరాభారం వెళ్లినవాళ్లకు అదే ప్రాణం. కానీ నాలుగు రోజులుండి కూడా ఆ ఊరి తిండి ముట్టకుండా తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ. రుచి నచ్చక కాదు, వేళ తెలియక. కాశీలో ఒక్కో తిండికి ఒక్కో గంట ఉంది, కొన్నింటికి ఒక్కో ఋతువు ఉంది. మధ్యాహ్నం వెళ్లి కచోరీ అడిగితే మూకుడు కడిగేసి ఉంటుంది. ఏప్రిల్‌లో మలైయో, అంటే చలికాలపు పాలనురుగు మిఠాయి, అడిగితే నవ్వి ఊరుకుంటారు. దర్శనం వేళలు రాసుకున్నట్టే తిండి వేళలూ రాసుకుని, జనవరిలో రెండు రోజులు తిరిగిన లెక్క ఇది.

ముందు దిగడం సంగతి. సికింద్రాబాద్ నుంచి దానాపూర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్లు వారణాసిలో దిగరు. మొఘల్‌సరాయ్‌లో దిగాలి. 2018 నుంచి దాని పేరు పండిత్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్, టికెట్ మీద అలాగే ఉంటుంది. అక్కడి నుంచి ఆటోలో గంగ దాటి ఊళ్లోకి రావాలి. 1887 నాటి మాలవీయ వంతెన మీదుగా వస్తే ఆటోలో ఎడమవైపు కూర్చోండి. పైన రోడ్డు, కింద రైలు పట్టాలు. ఘాట్లన్నీ నెలవంకలా వంగి ఒక్కసారిగా కనిపించేది అక్కడి నుంచే. చలికాలం పొగమంచుకు బళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి కాబట్టి దిగిన రోజు దర్శనం టికెట్లూ, పడవలూ ఏవీ పెట్టుకోకండి.

బస కేదార్ ఘాట్, పాండే హవేలీ మధ్య చూసుకోవడం మేలు. తెలుగు సత్రాలు చాలామటుకు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి, సందుల్లో తెలుగు బోర్డులు కనిపిస్తాయి, దారి తప్పితే తెలుగులోనే అడగొచ్చు. ఆటోవాడికి ఘాట్ పేరు కాకుండా "సోనార్‌పురా చౌరాహా" అని చెప్పండి. బండి వచ్చేది అంతవరకే, ఆ తర్వాత పెట్టెలు మోసుకుంటూ గల్లీలో నడకే. చక్రాల పెట్టె ఆ రాళ్ల మీద దొర్లదు, భుజాన వేసుకునే సంచే నయం. గొదౌలియా దగ్గర దిగితే ఈ మోత ఇంకా ఎక్కువ, అక్కడ రద్దీ వేళల్లో బళ్లను ముందే ఆపేస్తారు. సత్రంలో మధ్యాహ్న భోజనం కావాలంటే పొద్దున్నే పేరు చెప్పాలి. పదకొండింటికి గుర్తొచ్చి అడిగితే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

గల్లీల్లో ఫోన్ మ్యాపును నమ్ముకోకండి. ఎత్తయిన ఇళ్ల మధ్య సిగ్నల్ తప్పి, పక్క సందులో ఉన్నట్టు చూపిస్తుంది. అంతకన్నా గట్టి గుర్తు నేల వాలు. సందు కిందికి దిగుతోందంటే గంగ వైపు వెళ్తున్నట్టు. ఒడ్డుకు చేరితే ప్రతి ఘాట్ గోడ మీదా పేరు పెద్దక్షరాలతో రాసి ఉంటుంది. గంగ ఇక్కడ ఉత్తరానికి పారుతుంది, కాబట్టి నీళ్లకు ఎదురు నడిస్తే అస్సీ, నీళ్లతో పాటు నడిస్తే దశాశ్వమేధ్, మణికర్ణిక, పంచగంగ. ఇదొక్కటి గుర్తుంటే కాశీలో తప్పిపోవడం కష్టం. ఆషాఢ, శ్రావణ, భాద్రపదాల్లో మాత్రం వరదకు మెట్లు మునిగి ఒక ఘాట్ నుంచి ఇంకో ఘాట్‌కు నడిచే దారే ఉండదు, పడవలు కూడా ఆపేస్తారు. తిండికీ తిరగడానికీ కలిసొచ్చేది కార్తీకం నుంచి మాఘం దాకా.

మొదటి రోజు పొద్దున్న విశ్వనాథుడి దర్శనం, ఆ వెంటనే కచోరీ. ఈ రెండూ ఒకదాని పక్కనే ఒకటి పెట్టుకోవాలి, ఎందుకంటే రెండూ చౌక్ వైపే. గుడిలోకి ఫోను, స్మార్ట్ వాచీ, సంచి, పెన్ను ఏవీ పోనివ్వరు. దారిలో కొట్లవాళ్లు "లాకర్ ఫ్రీ" అని పిలుస్తారు. లాకర్ ఫ్రీయే, కానీ తాళం చేతికి రావాలంటే పూజ సామాను బుట్ట కొనాలి, దాని ధర ఎంతన్నది బయటికొచ్చాక తెలుస్తుంది. ఫోను గదిలోనే వదిలేసి వెళ్తే ఈ గొడవ లేదు. అయితే ఫోను లేకపోతే యూపీఐ లేదు, యూపీఐ లేకపోతే దర్శనమయ్యాక కచోరీ లేదు! అందుకని పది, ఇరవై నోట్లు జేబులో పెట్టుకోండి. ఇది చిన్న విషయమే గానీ, ఆకలితో కొట్టు ముందు నిలబడ్డాక పెద్దదవుతుంది.

నాలుగో నంబరు గేటు వైపు నుంచి బయటపడి చౌక్ మీదుగా ఠఠేరీ బజార్‌లోకి నడిస్తే రామ్ భండార్ వస్తుంది. ఠఠేరీ అంటే ఇత్తడి, రాగి సామాన్లు చేసేవాళ్లు, సందు పేరు వాళ్లదే. ఇక్కడ రెండు రకాలు అడగొచ్చు. బడీ కచోరీ మన పూరీలా మెత్తగా ఉంటుంది, లోపల ఇంగువ వేసి రుబ్బిన మినప్పప్పు ముద్ద పలచగా పరుచుకుని ఉంటుంది. ఛోటీ కచోరీ చిన్నది, కరకరలాడుతుంది. రెండింటికీ ఆకుదొన్నెలో కూర పోసిస్తారు: బంగాళాదుంప, నల్ల శనగలు, కొన్నిచోట్ల గుమ్మడికాయ కూడా. కొత్తగా వెళ్లినవాళ్లు చేసే పొరపాటు నాలుగేసి కచోరీలు తినేసి కడుపు నింపుకోవడం. మనిషికి రెండు చాలు. ఎందుకంటే కూడా వేడి జిలేబీ తినాలి, కారం ఒక ముక్క, తీపి ఒక ముక్క, అలా మార్చి మార్చి తినడమే అక్కడి పద్ధతి. ఆ తర్వాత మలైయోకు చోటు మిగలాలి.

మలైయో గురించి కొంచెం ఆగి చెప్పాలి. పాలు కాచి చల్లార్చి రాత్రంతా ఆరుబయట మంచులో పెడతారు. తెల్లవారుజామున కవ్వంతో చిలికితే నురుగు లేస్తుంది. ఆ నురుగును గరిటెతో పైపైన తీసి కుంకుమపువ్వు, యాలకులు, పంచదార కలుపుతారు. పసుప్పచ్చగా, పెద్ద గిన్నెలో గుట్టలా కనిపిస్తుంది. మట్టి పిడతలో నిండుగా పెట్టి పైన పిస్తా చల్లుతారు. చెంచా దింపితే బరువే తెలియదు, నోట్లో పెట్టాక నమలడానికి ఏమీ ఉండదు, తీపీ కుంకుమపువ్వు వాసనా మాత్రం మిగులుతాయి. అయిపోయాక పిడత పారేయకండి, వెనక్కి చాపితే అందులోనే పసుపురంగు పాలు కొంచెం పోస్తారు. అడగనివాళ్లకు కొందరు పోయరు కూడా. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే ఇది, అదీ పొద్దున్న పూటే. ఎండ ఎక్కితే నురుగు కుంగి పాలైపోతుంది. పదకొండింటికి గిన్నెలో కనిపించినా కొనకండి, అప్పటికి అది సగం కరిగిన సరుకు. చౌఖంబా, ఠఠేరీ బజార్ సందుల్లో మంచిది దొరుకుతుంది. ఎండాకాలంలో ఫ్రిజ్‌లోంచి తీసి అదే పేరుతో అమ్మేది వేరే వస్తువు.

వెనక్కి వచ్చేటప్పుడు కచోరీ గలీలోంచి మణికర్ణిక వైపు దిగొచ్చు. ఆ దారిలో లస్సీ కొట్లున్నాయి. ఇక్కడి లస్సీ తాగేది కాదు, చెంచాతో తినేది. గట్టి పెరుగు చేత్తో చిలికి, పిడతలో పోసి, పైన మీగడో రబ్డీయో వేస్తారు. చలికాలం పొద్దున్న గొంతు పట్టేస్తుంది, మధ్యాహ్నానికి ఉంచుకోండి. ఆ గల్లీలో కూర్చుంటే మోకాళ్ల ముందు నుంచే "రామ్ నామ్ సత్య హై" అంటూ శవాలను మోసుకెళ్తారు. లస్సీ కొట్టువాడు చిలకడం ఆపడు. మీరు కాళ్లు లోపలికి లాక్కుని దారి ఇస్తే చాలు. మణికర్ణిక దగ్గర ఫొటోలు తీయకూడదు. "కట్టెలకు దానం చేయండి, ముసలివాళ్ల సేవకు ఇవ్వండి" అని వెంటబడే మనుషులు ఉంటారు. వాళ్లతో మేడ మీదికి వెళ్లకండి, మాట కలపకుండా నడవండి. పక్కనే సింధియా ఘాట్ దగ్గర ఒరిగిపోయి నిలబడ్డ రత్నేశ్వర్ గుడి చూసి, ఓపికుంటే పంచగంగ దాకా సాగండి. విజయనగరం ప్రాంతం నుంచి వెళ్లి కాశీలో స్థిరపడ్డ త్రైలింగ స్వామి మఠం అక్కడుంది. ఆయన 1887లో కాశీలోనే దేహం చాలించారు.

మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా కచోరీ, చాట్ కొట్ల పొయ్యిలు పడుకుంటాయి. సత్రం భోజనం, చిన్న కునుకు. ఈ నాలుగు గంటల్ని ఊరు చూడ్డానికి వాడుకుందామనుకుంటే సాయంత్రానికి కాళ్లు లేవవు.

చాట్ కోసం బయల్దేరాల్సింది అయిదింటికి. ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. ముందు హారతి చూసి, ఆ తర్వాత తిందామనుకుంటారు. దశాశ్వమేధ్ హారతి అయ్యేసరికి ఘాట్ మీద ఉన్న జనమంతా ఒకే రోడ్డు మీదికి, ఒకే నాలుగు కొట్ల మీదికి వస్తారు. అరగంట నిలబడితే చల్లారిన చాట్ దొరుకుతుంది. ముందు తినండి, తర్వాత వెళ్లి మెట్ల మీద కూర్చోండి. గొదౌలియాలో కాశీ చాట్ భండార్, దశాశ్వమేధ్ వైపు దీనా చాట్ భండార్ పాత పేర్లు. రెండు చోట్లా టమాటర్ చాటే అడగాలి, పానీపూరీలు మన ఊళ్లోనూ దొరుకుతాయి.

పెద్ద పెనం మీద ఉడికిన బంగాళాదుంప, టమాటా కలిపి గరిటె అంచుతో నలుపుతూనే ఉంటారు. నెయ్యి, అల్లం, పచ్చిమిర్చి, ఇంగువ, జీడిపప్పు ముక్కలు. రంగు మన టమాటా పచ్చడికి దగ్గరగా వచ్చాక మట్టి పిడతలోకి తీసి, జీలకర్ర వేసిన పల్చటి చక్కెర పాకం ఒక గరిటె పోస్తారు. పైన నిమ్మరసం, కొత్తిమీర, చిదిమిన నమక్‌పారా, అంటే నూనెలో వేయించిన ఉప్పటి మైదా ముక్కలు. ఆ పాకమే మన నాలుకకు అడ్డం వస్తుంది. "మీఠా కమ్, తీఖా జ్యాదా" (తీపి తక్కువ, కారం ఎక్కువ) అని ముందే చెబితే తగ్గిస్తారు, పోశాక చెబితే లాభం లేదు. పక్కకు తీసుకెళ్లి ఫొటోలు తీస్తూ కూర్చుంటే నెయ్యి పేరుకుపోయి నాలుక మీద మైనంలా అంటుకుంటుంది, చలికాలంలో మరీను. వేడిగా ఉండగా అక్కడే నిలబడి తినేయాలి. చలికాలం వెళ్తే చూడా మటర్ కూడా వదలకండి: అటుకులు, పచ్చిబఠానీలు నెయ్యిలో మగ్గబెట్టి అల్లం, మిరియాలు తగిలిస్తారు. మన అటుకుల ఉప్మాకు దగ్గరి చుట్టం, కాకపోతే బాగా డబ్బున్న చుట్టం. ఉల్లి, వెల్లుల్లి మానేసినవాళ్లు "బినా ప్యాజ్, లహ్సున్" అని ఒకసారి అడిగితే సరి, గుడి చుట్టుపక్కల ఈ మాట కొత్తేమీ కాదు.

హారతి చలికాలం ఆరు ప్రాంతంలో, వేసవిలో ఏడు ప్రాంతంలో మొదలై ముప్పావు గంట సాగుతుంది. మెట్ల మీద చోటు కావాలంటే గంట ముందు ఉండాలి. అర్చకులు గంగకు అభిముఖంగా నిలబడతారు, అంటే మెట్ల మీద కూర్చున్నవాళ్లకు వీపులే కనిపిస్తాయి. ముఖాలు, దీపాలు ఎదురుగా చూడాలంటే పడవలో కూర్చోవాలి. పడవ బేరం "మనిషికి ఎంత" అని కాకుండా, "ఎన్ని నిమిషాలు, ఎక్కడి నుంచి ఎక్కడికి, హారతి పూర్తయ్యేదాకా ఆపుతావా" అని ఆడాలి. ఈ మూడోది మాట్లాడుకోకపోతే సగం హారతిలోనే ఇంజిను స్టార్ట్ చేసేస్తారు, ఇంకో బేరం దొరుకుతుందని.

రెండో రోజు అస్సీతో మొదలు. జనవరిలో సూర్యోదయం పావు తక్కువ ఏడు ప్రాంతంలో, జూన్‌లో అయిదు దాటిన కాసేపటికే. వేసవిలో మన హైదరాబాద్ కన్నా అరగంట ముందు తెల్లారుతుందని గుర్తుపెట్టుకోండి. "సుబహ్-ఎ-బనారస్" పేరుతో ఇక్కడ పొద్దుటి హారతి, ఆ వెంట సంగీతం ఉంటాయి, సాయంత్రం హారతి తోపులాటలో పదో వంతు కూడా ఉండదు. నన్నడిగితే ఒక్క హారతే చూసే వీలుంటే ఇదే చూడమంటాను. తర్వాత ఘాట్ మీదే నిమ్మకాయ చాయ్: పాలు లేని టీలో నిమ్మరసం, నల్లుప్పు, జీర్ణానికని కలిపే మసాలా పొడి. ముందు రోజు నెయ్యికి అదే మందు.

అక్కడి నుంచి నీళ్లతో పాటు కేదార్ ఘాట్‌కు నడిచి రావచ్చు, తీరిగ్గా అయితే ముప్పావు గంట. చేత్‌సింగ్ కోట, హనుమాన్ ఘాట్, హరిశ్చంద్ర ఘాట్ దాటగానే విజయనగరం ఘాట్ వస్తుంది. మన విజయనగరం రాజుల పేరే అది. చాలామంది దాని మెట్ల మీదే కూర్చుని గోడ మీది పేరు చదవకుండా లేచిపోతారు.

సారనాథ్ పది కిలోమీటర్లు. శుక్రవారం మ్యూజియం మూసేస్తారు, నాలుగు సింహాల అశోక శిఖరం లోపలే ఉంది కాబట్టి శుక్రవారం పెట్టుకోకండి. ధమేఖ్ స్తూపం ఎప్పుడైనా చూడొచ్చు. ఆటోవాడు "దారిలోనే చీరల మగ్గం" అని ఆపితే అది దారిలోది కాదు, కమీషన్‌ది. మగ్గాలు చూడాలంటే మదన్‌పురా సందుల్లో టకటక శబ్దం వినిపించే ఇంటి ముందు ఆగి అడగండి, పాండే హవేలీకి పక్కనే.

తిరిగి వచ్చేటప్పుడు తేలియాబాగ్‌లో బాటీ చోఖా. గోధుమపిండి ఉండలో సత్తు, అంటే వేయించిన శనగల పిండి, కూరి పిడకల నిప్పు మీద కాలుస్తారు, బూడిద దులిపి, చిదిపి, నెయ్యిలో ముంచుతారు. చోఖా అంటే కాల్చిన వంకాయ, టమాటా, ఉడికిన బంగాళాదుంప మెదిపిన పచ్చడి, మన వంకాయ బండపచ్చడి లాంటిదే. తేడా అంతా పచ్చి ఆవనూనెలో ఉంది. ఆ ఘాటు ముక్కులోకి ఎక్కుతుంది, అలవాటు లేనివాళ్లు నూనె తగ్గించమని చెప్పండి. ఇద్దరికి నాలుగు బాటీలు మించి చెప్పకండి, లోపలికి వెళ్లాక ఉబ్బుతాయి.

సాయంత్రం గొదౌలియాలో ఠండాయి. బాదం, దోసగింజలు, సోంపు, మిరియాలు, గులాబీ రేకులు నూరి పాలలో కలుపుతారు. కొట్టువాడు "సాదా, యా భాంగ్ వాలీ?" అని అడుగుతాడు. హిందీ అర్థం కాక తలూపితే రెండోది వస్తుంది. కాశీలో లైసెన్సున్న కొట్లలో భంగు బహిరంగంగానే అమ్ముతారు, కాబట్టి ఎవరూ హెచ్చరించరు. అది తాగగానే ఏమీ తెలియదు, గంట, గంటన్నరకు ఎక్కుతుంది. "ఏం కాలేదే" అని రెండో గ్లాసు తాగినవాళ్లే పడిపోతారు. "సాదా" అన్న మాట గట్టిగా చెప్పండి.

చివరగా పాన్. మంచి కొట్లో మగహీ ఆకు వాడతారు, అది బీహార్ నుంచి వస్తుంది. బనారస్‌లో చేసేది దాన్ని బుట్టల్లో పెట్టి బొగ్గుల వేడికి మగ్గబెట్టడం. పచ్చదనం పోయి లేత పసుపుకు తిరుగుతుంది, ఈనె కూడా మెత్తబడుతుంది. అందుకే ఇక్కడివాళ్లు పాన్ నమలరు, బుగ్గన పెట్టి కరగనిస్తారు. జంటగా ఇస్తారు, రెండూ ఒకేసారి నోట్లో పెట్టుకోవాలి. కొట్టు ముందు నిలబడగానే "బినా తంబాకూ, మీఠా" అనండి, లేకపోతే అలవాటైన చేయి జర్దా చల్లేస్తుంది. 2023లో బనారసీ పాన్‌కు భౌగోళిక గుర్తింపు వచ్చింది.

కాశీలో ఒక కాయ, ఒక పండు వదిలిపెట్టే ఆచారం పాటించేవాళ్లకు ఒక మనవి: ఆ సంకల్పం ఆఖరి రోజుకు పెట్టుకోండి. మొదటి రోజే వంకాయ వదిలేస్తే చోఖా పోతుంది, బంగాళాదుంప వదిలేస్తే సగం ఊరి తిండి పోతుంది.

ఇంటికి తేవడానికి లాల్ పేడా మంచిది, కోవాను ఎర్రగా వేయించి చేస్తారు కాబట్టి రైలు ప్రయాణానికి తట్టుకుంటుంది. లౌంగ్‌లతా, అంటే కోవా కూరి లవంగం గుచ్చి వేయించి పాకంలో ముంచిన మడత కాజా, పాకం కారి సంచి పాడుచేస్తుంది, అక్కడే తినేయండి. గంగ చెంబులు సీలు వేసినవే కొనండి, కొనేటప్పుడు తలకిందులు చేసి అరచేతిలో నిమిషం పట్టుకోండి. తడి తగిలితే ఇంకోటి అడగండి. విమానంలో వచ్చేవాళ్లు వాటిని చేతి సంచిలో పెట్టకండి, తనిఖీ దగ్గర తీసేయొచ్చు. పెద్ద పెట్టెలో, బట్టల మధ్య, మూత మీద టేపు చుట్టి, నిలువుగా.